ఘాట్ రోడ్డు మీద రెండు వందల కిలోమీటర్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

చలికాలం దగ్గరపడేసరికి దూరప్రయాణాల సైక్లింగ్ గురించి అడిగే ఉత్తరాలు పెరిగాయి. వాటిలో ఎక్కువ భాగం కొండదారిలో సాగే 200 కిలోమీటర్ల బ్రెవే గురించినవే కాబట్టి ఈ సంచిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాం. తెలియనివారి కోసం ఒక మాట. బ్రెవే పందెం కాదు. నిర్ణీత దూరాన్ని నిర్ణీత గడువులో, ఎవరి ఏర్పాట్లు వారే చేసుకుంటూ పూర్తిచేయవలసిన ప్రయాణం. ఫ్రాన్సులోని ఆడాక్స్ క్లబ్ పారిసియన్ నియమాల ప్రకారం 200 కి.మీ.కు 13 గంటల 30 నిమిషాలు, 300 కి.మీ.కు 20 గంటలు, 400 కి.మీ.కు 27 గంటలు, 600 కి.మీ.కు 40 గంటలు గడువు. దారిలో కంట్రోల్ అని పిలిచే తనిఖీ కేంద్రాలుంటాయి, వాటికీ మూసివేసే వేళలుంటాయి. ముందొచ్చినవారికి బహుమతి లేదు, గడువులోపల చివరగా వచ్చినవారికి చిన్నతనమూ లేదు.

ప్రశ్న: నా వయసు 34. రోజూ ఉద్యోగానికి సైకిల్ మీదే వెళ్తాను, ఆదివారాలు చదును రోడ్డు మీద 60, 70 కిలోమీటర్లు తొక్కుతాను. జనవరిలో పెందుర్తి నుంచి అరకు వెళ్లి తిరిగి వచ్చే 200 కి.మీ. బ్రెవేకు పేరిచ్చాను. పన్నెండు వారాలున్నాయి. పదమూడున్నర గంటలంటే చాలా సమయమే కదా అని మిత్రులు ధైర్యం చెబుతున్నారు. నిజమేనా? (ఒక పాఠకుడు, గాజువాక)

జవాబు: మొత్తం గడువు చాలినంత ఉన్న మాట నిజమే, కానీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టేది అది కాదు. బ్రెవేలో కంట్రోల్ మూసివేతను గంటకు 15 కి.మీ. సగటు వేగం మీద లెక్కగడతారు. అరకు సుమారు నూరవ కిలోమీటరు దగ్గర వస్తుంది కాబట్టి, ఉదయం ఆరు గంటలకు బయల్దేరినవారు మధ్యాహ్నం 12 గంటల 40 నిమిషాలలోపు అక్కడ ఉండాలి. మీ ఎక్కుడంతా దాదాపు ఈ మొదటి సగంలోనే ఉంది. కొత్తవలస, శృంగవరపుకోట మీదుగా బొడ్డవర దాకా దాదాపు చదునైన దారి, దానికి రెండు గంటలు వేసుకోండి. అక్కడి నుంచి కాశీపట్నం, టైడ, అనంతగిరి మీదుగా గాలికొండ దాకా ముప్పై కిలోమీటర్లకు పైబడిన ఘాట్, వెయ్యి మీటర్లకు మించిన ఎత్తు. గంటకు పది కిలోమీటర్ల చొప్పున మూడు గంటలు ఎక్కడికీ పోవు. గాలికొండ దాటాక సుంకరిమెట్ట వైపు దిగి అరకు చేరడానికి మరో గంట. ఇవి సుమారు అంకెలే అయినా, మొత్తం ఆరు గంటలవుతోంది, మీ చేతిలో మిగిలింది నలభై నిమిషాలు. టిఫినుకు అరగంట, ఫొటోలకు పదేసి నిమిషాల చొప్పున రెండు మూడు చోట్ల ఆగితే ఆ నలభై నిమిషాలూ ఆవిరైపోతాయి. ఘాట్ బ్రెవేల్లో గడువు తప్పేవారు నెమ్మదిగా ఎక్కినందువల్లకంటే, ఎక్కువసేపు ఆగినందువల్లనే తప్పుతారని నా గట్టి అభిప్రాయం.

రెండో సంగతి, తిరుగు ప్రయాణమంతా దిగుడేనన్న భ్రమ. అరకు లోయ గాలికొండ కంటే కిందనే ఉంది కాబట్టి, మధ్యాహ్నపు ఎండలో, అప్పటికే అలసిన కాళ్లతో మళ్లీ గాలికొండ దాకా ఎక్కాలి. అది దాటాక మాత్రం దిగుడూ, ఆపైన చదును రోడ్డూ ఉంటాయి కాబట్టి రెండో సగంలో గడువు గురించి అంత బెంగ అక్కరలేదు.

ఇక పన్నెండు వారాల సాధన. వారానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు కేటాయించగలిగితే సరిపోతుంది. మూడు వారాలు దూరం క్రమంగా పెంచడం, నాలుగో వారం మూడోవంతు తగ్గించి ఒంటికి విరామమివ్వడం అనే వరుస పెట్టుకోండి. ఆదివారపు దూరాన్ని వారానికి పది పదిహేను కిలోమీటర్లకు మించి పెంచకుండా, పదో వారానికి 140 లేదా 150 కిలోమీటర్లకు తీసుకురండి. సాధనలో 200 పూర్తిచేసి తీరాలన్న పట్టుదల అనవసరం. వారం మధ్యలో ఒక రోజు మాత్రం కష్టపడాలి. పదిహేను నిమిషాలపాటు, రెండు మూడు మాటలకంటే ఎక్కువ మాట్లాడలేనంత ఊపుతో తొక్కి, ఐదారు నిమిషాలు తేలిగ్గా తొక్కి, మళ్లీ పదిహేను నిమిషాలు. ఇలా మూడు విడతలు. మీకు సింహాచలం, కైలాసగిరి దారులు దగ్గరే ఉన్నాయి కాబట్టి వాటిని ఇందుకు వాడుకోండి. ఎనిమిదో వారంలో ఒకసారి శృంగవరపుకోట దాకా సైకిల్‌ను ఏ వాహనంలోనో తీసుకెళ్లి ఘాట్ మాత్రం ఎక్కి దిగి రండి. ఏ మలుపు దగ్గర వాలు పెరుగుతుందో, ఎక్కడ నీళ్లు దొరుకుతాయో కళ్లారా చూసి వచ్చినవారికి ఆ రోజు కంగారు ఉండదు. చివరి పది రోజులు దూరం సగానికి తగ్గించండి. ఆఖరి వారంలో చేసిన సాధన వల్ల వచ్చేది అలసటే తప్ప బలం కాదు.

ఆ రోజు పాటించవలసింది ఒకటే. ఘాట్ మొదలైన తొలి పదిహేను నిమిషాలు మీకు మరీ తేలిగ్గా, కాస్త చిన్నతనంగా అనిపించేంత నెమ్మదిగా ఎక్కండి. పక్కనున్నవారితో పూర్తి వాక్యం మాట్లాడగలుగుతున్నారా లేదా అన్నదే కొలత. కాశీపట్నం దగ్గర మిమ్మల్ని దాటి వెళ్లినవారిలో కొందరిని అనంతగిరి దగ్గర సైకిల్ పక్కన పెట్టి కూర్చుని ఉండగా చూస్తారు.

ప్రశ్న: మాది కోనసీమ. కనుచూపు మేరలో కొబ్బరిచెట్లే తప్ప గుట్ట కూడా లేదు. కొండ లేకుండా కొండకు ఎలా సిద్ధం కావాలి? (ఒక పాఠకుడు, అమలాపురం)

జవాబు: కొండ ఎక్కేటప్పుడు కండరాలు చేసే పని, బలమైన ఎదురుగాలిలో చేసే పని చాలావరకు ఒకటే: విరామం లేకుండా, ఒకే ఒత్తిడితో, చాలాసేపు తొక్కడం. మీకు సముద్రపు గాలి ఉంది. మధ్యాహ్నం దాటాక గాలి లేచే వేళ చూసుకుని, దానికి ఎదురుగా ఇరవై నిమిషాల చొప్పున రెండు మూడు విడతలు ఆపకుండా తొక్కండి. మామూలుగా వాడే గేరు కంటే ఒకటి రెండు బరువైన గేర్లలో, పెడల్ నిమిషానికి 55 నుంచి 60 చుట్లు మాత్రమే తిరిగేలా, సీటు మీద నుంచి లేవకుండా తొక్కితే ఘాట్‌లో కలిగే అనుభవానికి దగ్గరగా ఉంటుంది. మోకాళ్లు నొప్పి పెడితే మాత్రం వెంటనే గేరు తేలిక చేయండి. యానాం, ఎదుర్లంక మధ్యనున్న వంతెనలాంటివి ఎత్తు తక్కువైనా, సీటు మీద నుంచి లేచి నిలబడి తొక్కడం అలవాటు చేసుకోవడానికి పనికొస్తాయి. ఇంట్లో ట్రైనర్ (సైకిల్‌ను కదలకుండా నిలబెట్టి తొక్కే స్టాండు) ఉంటే ముందు చక్రం కింద రెండు ఇటుకల ఎత్తు పెట్టి తొక్కండి. వాలు మీద నడుముకూ భుజాలకూ పడే భారం భిన్నంగా ఉంటుంది, దానికీ ఒళ్లు అలవాటు పడాలి.

ఇంత చేసినా అసలు కొండను ఒకటి రెండుసార్లయినా ఎక్కక తప్పదు. కారణం బలం కాదు, దిగుడు. ఎదురుగాలి మలుపుల్లో బ్రేకు వేయడం నేర్పదు. రాజమహేంద్రవరం మీదుగా రంపచోడవరం చేరి, అక్కడి నుంచి మారేడుమిల్లి దాకా, ఓపిక ఉంటే ఆపైన చింతూరు వైపు ఘాట్‌లో కొంత దూరం వెళ్లి రండి. అది అడవి దారి, మలుపులు ఎక్కువ, చీకటి పడకముందే తిరిగి రావాలి.

ప్రశ్న: నా దగ్గర 50, 34 పళ్ల ముందు చక్రాలు, వెనక 11 నుంచి 28 పళ్ల క్యాసెట్ (పళ్ల చక్రాల గుత్తి) ఉన్న అల్యూమినియం రోడ్ సైకిల్ ఉంది. ఘాట్‌ల కోసం రెండు కిలోలు తేలికైన కార్బన్ సైకిల్ కొనమని దుకాణదారు సలహా ఇస్తున్నాడు. కొనవచ్చా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: డబ్బు ఎక్కువై ఉంటే కొనుక్కోండి, కాదనను. ఘాట్ కోసమైతే ముందు ఈ లెక్క చూడండి. మీరూ సైకిలూ నీళ్లూ సామానూ కలిపి 85 కిలోలనుకుందాం. వంద మీటర్లు వెళ్తే ఆరు మీటర్లు లేచే వాలు మీద, గంటకు ఎనిమిది కిలోమీటర్ల వేగంతో ఎక్కడానికి సుమారు 125 వాట్ల శక్తి కావాలి. సాధారణ సాధన ఉన్న మనిషి గంటల తరబడి ఇవ్వగలిగేది ఇంచుమించు అంతే. రెండు కిలోలు తగ్గితే బరువులో తగ్గేది నూటికి రెండు పాళ్లకు కాస్త పైన. అంటే రెండు గంటల ఎక్కుడులో మీకు మిగిలేది మూడు నిమిషాలు. టీ దుకాణం దగ్గర చిల్లర కోసం ఆగే సమయం అది.

మీ అసలు సమస్య వెనకనున్న 28 పళ్ల చక్రం. అదే 125 వాట్లతో ఆరు శాతం వాలు మీద మీ తేలికైన గేరులో నిమిషానికి 52 చుట్లు పడతాయి, అది ఫరవాలేదు. వాలు తొమ్మిది శాతానికి పెరిగిన చోట వేగం గంటకు ఐదున్నర కిలోమీటర్లకు పడిపోయి, చుట్లు 37కు దిగుతాయి. ప్రతి చుట్టుకూ మోకాలి మీద పడే ఒత్తిడి అక్కడే విపరీతమవుతుంది. వెనక 34 పళ్ల చక్రం ఉంటే అదే శక్తితో ఆరు శాతం మీద 63, తొమ్మిది శాతం మీద 44 చుట్లు తొక్కవచ్చు. కాబట్టి 11 నుంచి 34 పళ్ల క్యాసెట్ వేయించుకోండి. ఖర్చు కొత్త సైకిల్‌లో ఒక చిన్న వంతు. అయితే మీ వెనక డిరైలర్ (చైన్‌ను ఒక పళ్ల చక్రం మీది నుంచి మరోదాని మీదికి జరిపే భాగం) 34 పళ్లను మోయగలదో లేదో మెకానిక్‌ను ముందే అడగండి. చైన్‌ను బిగువుగా పట్టి ఉంచే కింది చట్రం (కేజ్) పొట్టిగా ఉన్నది చాలాసార్లు పనిచేయదు, మార్చవలసి వస్తుంది. చైన్ కూడా కొన్ని లింకులు పొడవు కావాలి. ఈ పని ప్రయాణానికి కనీసం మూడు వారాల ముందు పూర్తికావాలి, ఎందుకంటే కొత్త చైన్, కొత్త కేబుల్ కాస్త సాగి గేర్లు మళ్లీ సరిచేయించవలసి వస్తుంది.

ప్రశ్న: కిందటేడు ఒక దూరప్రయాణంలో ఉదయం కడుపునిండా తిని బయల్దేరాను. తొంభై కిలోమీటర్ల తర్వాత కళ్లు తిరిగాయి, ఆపైన ఏం తిన్నా వాంతి అయింది. లోపం ఎక్కడ? (ఒక పాఠకురాలు, గుంటూరు)

జవాబు: కడుపునిండా తినడం లోపం కాదు, ఆ తర్వాత తొంభై కిలోమీటర్ల దాకా తినకపోవడమే లోపమై ఉండాలి. కండరాల్లోనూ కాలేయంలోనూ నిల్వ ఉండే పిండిపదార్థం మూడు నాలుగు గంటల శ్రమకు మించి రాదు. అది అడుగంటాక తినడం మొదలుపెడితే, రక్తమంతా కాళ్లకూ చర్మానికీ పోయి ఉన్న స్థితిలో కడుపు దేన్నీ అరిగించుకోలేదు. ఆకలి వేయకముందే, మొదటి గంట నుంచే, గంటకు 40 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి వెళ్లాలి. ఒక పెద్ద అరటిపండు సుమారు 25 గ్రాములు. మామూలు ఖర్జూరాలు నాలుగు తింటే దాదాపు అంతే. పల్లీ చిక్కీలో సగం వరకు బెల్లం ఉంటుంది కానీ మిగతాది నూనె గింజ, ఎక్కుడులో కాస్త బరువు చేస్తుంది, దాన్ని చదును రోడ్డు మీద తినండి. ఇడ్లీ మంచిదే, చట్నీ తగ్గించండి. పూరీ, మసాలా దోసె ఆ రోజుకు వద్దు. అరకు చేరగానే బొంగు చికెన్ పొగ ముక్కుకు తగులుతుంది. దానికి మరో రోజు రండి.

నీళ్లు గంటకు అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా, ఎండనుబట్టి. వట్టి నీళ్లే లీటర్ల కొద్దీ తాగడం కూడా ప్రమాదమే, చెమటలో ఉప్పు పోయి, తాగిన నీటితో రక్తంలో సోడియం పలచబడి తలనొప్పీ వికారమూ మొదలవుతాయి. మీకు జరిగినదానిలో ఇదీ కొంత ఉండవచ్చు. రెండు సీసాల్లో ఒకదానిలో ఓఆర్‌ఎస్ కలుపుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం తయారైన పొట్లాన్ని లీటరు నీటికే కలపాలి, చిక్కగా ఉంటే బలమని అర లీటరులో కలపకూడదు. అందులో చక్కెర పదమూడున్నర గ్రాములే కాబట్టి అది తిండికి బదులు కాదు. ఆ రోజు తినదలచినవన్నీ సాధన ప్రయాణాల్లోనే సైకిల్ మీద తిని, కడుపుకు పడుతున్నాయో లేదో చూసుకోండి.

ప్రశ్న: నాకు 56 ఏళ్లు. రక్తపోటు మాత్ర వేసుకుంటున్నాను. వాచీలో గుండె వేగం చూసుకుంటూ ఎక్కితే క్షేమమేనా? (ఒక పాఠకుడు, నిజామాబాద్)

జవాబు: మీ వైద్యుడికి మాత్ర చీటీ చూపించి, ఎంత దూరం, ఎంత ఎత్తు, ఎన్ని గంటలు అన్నది స్పష్టంగా చెప్పి అనుమతి తీసుకోండి, అవసరమనుకుంటే ఆయన ట్రెడ్‌మిల్ పరీక్ష చేయిస్తారు. బీటా బ్లాకర్ రకం మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. అవి వాడేవారికి వాచీలో 120 కనిపిస్తున్నా ఒళ్లు పూర్తి శ్రమలో ఉండవచ్చు, కాబట్టి వాచీని కాదు, మాట్లాడగలగడాన్ని నమ్ముకోవాలి. మూత్రం ఎక్కువయ్యే మాత్రలైతే ఎండలో నీరూ ఉప్పూ త్వరగా తగ్గుతాయి. మోతాదు మార్చడం, ఆ రోజుకు మానేయడం లాంటివి సొంతంగా చేయవద్దు. ఛాతీలో బిగువు, ఎడమ చేతికీ దవడకూ పాకే నొప్పి, ఎన్నడూ లేని ఆయాసం కనిపిస్తే అక్కడే దిగిపోండి, గడువు సంగతి మరచిపోండి.

ప్రశ్న: ఎక్కడం నాకు భయం లేదు, దిగడమే భయం. శ్రీశైలం ఘాట్‌లో బ్రేకులు నొక్కి నొక్కి చేతులు మొద్దుబారాయి, రిమ్ములు ముట్టుకుంటే కాలాయి. ఎలా దిగాలి? (ఒక పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: రిమ్ము కాలడంలో ఆశ్చర్యం లేదు. మనిషీ సైకిలూ కలిసి 85 కిలోలు వెయ్యి మీటర్లు కిందికి దిగితే విడుదలయ్యే శక్తితో రెండున్నర లీటర్ల నీళ్లు మరిగించవచ్చు. అందులో ఎంత భాగం గాలికి పోతుంది, ఎంత భాగం బ్రేకులకు పోతుంది అన్నది మీరు దిగే తీరు మీద ఉంది. భయంతో బ్రేకును సన్నగా నొక్కి ఉంచుతూ దిగితే వేడంతా రిమ్ములో పేరుకుంటుంది, చేతులు పట్టు తప్పుతాయి. తిన్నని దారిలో చేతులు వదులుగా ఉంచి సైకిల్‌ను కాస్త పోనివ్వండి. మలుపు ఇంకా ముందుండగానే, సైకిల్ నిటారుగా ఉన్నప్పుడే, రెండు బ్రేకులూ కలిపి గట్టిగా వేసి వేగం తగ్గించి, మలుపులోకి వెళ్లేసరికి బ్రేకు వదిలేయండి. వంగిన సైకిల్ మీద గట్టి బ్రేకు వేస్తేనే టైరు జారుతుంది.

చేతులు హ్యాండిల్ కింది వంపులో ఉంటే బ్రేకు మీద వేళ్ల పట్టు బాగుంటుంది, బరువూ కిందికి దిగుతుంది. అరచేతులు చిన్నవైతే బ్రేకు లివర్‌ను హ్యాండిల్‌కు దగ్గరగా తెచ్చే చిన్న మర చాలా సైకిళ్లలో ఉంటుంది, మెకానిక్ ఐదు నిమిషాల్లో సరిచేస్తాడు. ఆడవారికి చేతులు మొద్దుబారడానికి ఎక్కువసార్లు కారణం ఈ దూరమే, ధైర్యం లేకపోవడం కాదు. అలాగే మీ సైకిల్‌లో ముందు బ్రేకు కుడిచేతి కిందుందో ఎడమచేతి కిందుందో ఒకసారి చూసుకోండి. అద్దె సైకిల్, అరువు సైకిల్ తీసుకున్నప్పుడు ఇది తారుమారై ఉంటుంది. మలుపులో వెళ్లవలసిన చోటు వైపు చూడండి, గుంత వైపు చూస్తే సైకిల్ గుంతలోకే పోతుంది. ఎదురొచ్చే బస్సు మలుపు తిరగడానికి రోడ్డంతా తీసుకుంటుందని ముందే అనుకుని మీ ఎడమ అంచు వదలకండి. కోతులు కనిపించిన చోట వేగం తగ్గించండి, తిండి సంచి పైకి కనిపించనివ్వకండి. పైన చెమటతో తడిసిన బట్టలతో దిగితే చలికి వేళ్లు కొంకర్లు పోతాయి. దిగేముందు పలుచని గాలి జాకెట్ వేసుకోవాలి.

శ్రీశైలం వెళ్తే మరొక జాగ్రత్త. మన్ననూరు దగ్గర అటవీశాఖ చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసి ఉంటుంది, ఆ వేళకు అటు చిక్కుకోకుండా ప్రణాళిక వేసుకోండి.

ప్రశ్న: ఘాట్‌లు బాగా అలవాటైతే ప్యారిస్, బ్రెస్ట్, ప్యారిస్ ప్రయాణానికి అదే సాధన సరిపోతుందా? (ఒక పాఠకుడు, బెంగళూరు)

జవాబు: సరిపోదు. ఫ్రాన్సులో నాలుగేళ్లకోసారి జరిగే ఆ 1,200 కిలోమీటర్ల ప్రయాణం 2023 తర్వాత మళ్లీ 2027లో ఉంది. గరిష్ఠ గడువు 90 గంటలు. మొత్తం ఎక్కే ఎత్తు సుమారు 12,000 మీటర్లు, కానీ దారిలో ఎక్కడా సముద్రమట్టానికి నాలుగు వందల మీటర్లు దాటరు. అంటే అక్కడున్నది పొడుగాటి ఘాట్ కాదు, తెంపు లేకుండా వచ్చే చిన్న చిన్న మిట్టలు. ఘాట్‌లో ఒకే గేరులో గంటసేపు ఉండవచ్చు, అక్కడ ప్రతి రెండు మూడు నిమిషాలకూ గేరు మార్చాలి. పైగా అక్కడ మనిషిని పడగొట్టేది ఎత్తు కంటే నిద్రలేమి. అర్హత కోసం అదే ఏడాదిలో 200, 300, 400, 600 వరుస పూర్తిచేయాలి, రాత్రంతా తొక్కడం మీకు ఆ 400లోనే అలవాటవుతుంది.

ప్రశ్న: వెనకాలే మావాళ్లు కారులో రావచ్చా? ఎక్కలేని చోట సైకిల్ నడిపించుకుంటూ వెళ్తే పేరు తీసేస్తారా? (ఒక పాఠకుడు, పార్వతీపురం)

జవాబు: కారు వెంట రాకూడదు; సొంతవారి సాయం కంట్రోళ్ల దగ్గర మాత్రమే తీసుకోవచ్చు, దారి మధ్యలో తీసుకుంటే పేరు తీసేస్తారు. అందుకని రెండు ట్యూబులు, పంపు, టైరు లివర్లు, చైన్ లింకు మీ సంచిలోనే ఉండాలి, పంక్చరు వేయడం మీకే రావాలి. నడవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు. మరీ నిలువైన చోట నడిచినా గంటకు నాలుగు కిలోమీటర్లు వస్తుంది, తొక్కేదానికీ దానికీ తేడా స్వల్పం, నడుముకు విశ్రాంతి కూడా. నడిచే అవకాశముందనుకుంటే మాత్రం అడుగున క్లీటు (పెడల్‌లో బిగిసే ముక్క) బయటికి పొడుచుకు వచ్చే రోడ్ బూట్లు వద్దు. తారు మీద అర కిలోమీటరుకే అవి అరిగి, జారి, పెడల్‌లో సరిగా బిగియవు. క్లీటు లోపలికి అమరే మౌంటెన్ సైకిల్ బూట్లు గానీ, మామూలు పెడల్, గట్టి అడుగున్న బూట్లు గానీ వేసుకోండి.